కారు రబ్బరుకు వచ్చే ముసలితనం

ఇనుము తుప్పు పడితే కంటికి కనబడుతుంది. రబ్బరు ముదిరిన సంగతి చేత్తో వంచి చూస్తేనే గాని తెలియదు. చెన్నపట్నం ఎండలో ఏళ్ళ తరబడి నిలిచిన కార్లు మన సభ్యుల ఇండ్ల ముందు చాలా ఉన్నవి గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

రబ్బరును చెరిచేవి ఎండ, వేడి, నూనె, వీటికి తోడు గాలిలోని ఓజోను. ఓజోను సాగి ఉన్న రబ్బరునే పట్టి చీలుస్తుంది. టైరు ప్రక్కభాగాన, వంపు తిరిగిన గొట్టం వీపున సన్నని పగుళ్ళు ముందుగా కనబడడం అందుకే. దీనికి విరుగుడుగా టైరులో మైనమూ, మరికొన్ని మందులూ కలిపే తయారుచేస్తారు. చక్రం తిరుగుతూ ఉంటే అవి పైకి ఊరి పొరకడతాయి. పండుగకో పెళ్ళికో తప్ప బయటికి తీయని కారుకు ఆ భాగ్యం లేదు. పదిహేను రోజులకొకసారి అయినా పది కిలోమీటర్లు తిప్పితే మంచిది. టైరు ప్రక్కన నాలుగంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారపు సరుకు. పదేళ్ళు దాటితే గీతలెంత లోతుగా ఉన్నా తీసివేయమని కొన్ని టైరు కంపెనీలే చెప్పుతున్నవి.

తలుపు రబ్బరుకు కొబ్బరినూనె పూసి నిగనిగలాడించే అలవాటు కొందరికున్నది. ఆ జిడ్డుకు దుమ్ము పట్టడమే మిగులుతుంది. కిరసనాయిలు, మామూలు గ్రీజు అయితే మరీ చేటు, రబ్బరు ఉబ్బిపోతుంది. సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, నీడన ఆరనిచ్చి, సిలికోను గ్రీజు పలుచగా పూయవలె. అది దొరకకుంటే మందులషాపు గ్లిజరిను చాలును. టైరు నేలనానే భాగానికి, బ్రేకు పెడలుకు మాత్రం ఏ జిడ్డూ తగలరాదు.

అన్నిటికంటె ముఖ్యం బ్రేకు రబ్బరు. పిల్లాపాపలతో పోయే బండి దానిమీదనే ఆగవలె గదా! కొన్ని షెడ్లలో బ్రేకు సిలిండరు విప్పి పెట్రోలుతో కడుగుతారు. కడగనివ్వకండి. లోపలి వాషర్లు ఉబ్బి బ్రేకు పట్టివేయవచ్చు, లేదా పూర్తిగా పోవచ్చు. కారు పుస్తకంలో చెప్పిన బ్రేకు ఆయిలు తప్ప మరేదీ అక్కడికి పోరాదు. ఒకరు పెడలు గట్టిగా నొక్కి ఉండగా మరొకరు గొట్టాలను చూడవలె. ఎక్కడ ఉబ్బినా, పగిలినా, చెమర్చినా మార్చవలసిందే. గొట్టం లోపలనే పూడితే పైకి తెలియదు. పెడలు వదిలినా ఒక చక్రం బిగిసి వేడెక్కుతుంటే దానిని అనుమానించాలి.

పగిలిన రబ్బరుకు ఏ పూతా ప్రాణం పోయదు. 2014లో తయారీ ఆగిన అంబాసిడరు వంటి బండ్లవారు పుదుప్పేట వైపు వెళ్ళి సామాను తెచ్చుకుంటూ ఉంటారు. కొత్తదని ఇచ్చినా అది అలమరలో ఎన్నేళ్ళున్నదో ఎవరెరుగుదురు? అంగట్లోనే వంచి, గోటితో నొక్కి, పగులు కనబడకుంటేనే డబ్బివ్వండి.