కొండ పొలానికి మినీ ట్రాక్టర్ కొంటున్నారా? హెచ్‌పీ కంటే ముందు ఇవి చూడండి!

ఫోన్ల రివ్యూలు చదువుదామని వస్తే ట్రాక్టర్ కనిపించిందేంటి అనుకుంటున్నారా? ఒక్కసారి ఇప్పటి మినీ ట్రాక్టర్ స్పెక్ షీట్ చూడండి. ఎలక్ట్రానిక్ పీటీవో, సింక్రో షటిల్ గేర్లు, ఫోన్‌లో లొకేషన్ చూపించే టెలిమాటిక్స్... మన సైట్‌లో రాసే గ్యాడ్జెట్లకి ఏ మాత్రం తీసిపోదు. తేడా ఒక్కటే. ఫోన్ ఎంపిక సరిగ్గా లేకపోతే హ్యాంగ్ అవుతుంది. కొండ వాలులో ట్రాక్టర్ ఎంపిక సరిగ్గా లేకపోతే అది తిరగబడుతుంది, కింద మనిషి ఉంటాడు.

నా బీటెక్ రూమ్మేట్‌ది పాడేరు దగ్గర ఊరు. వాళ్లకి నాలుగెకరాలు. కింద మడులు, మధ్యలో అల్లం, పసుపు వేసే వాలు, పైన కాఫీ, మిరియాల చెక్క. ఇంట్లో లోన్ పెట్టి ట్రాక్టర్ కొందామనుకున్నారు. "నువ్వు స్పెక్స్ బాగా చదువుతావు కదా, ఏది తీసుకోవాలో చూడు" అని ఆ పని నాకు అప్పజెప్పాడు. నెల రోజులు కూర్చుని చూసిన లెక్కలు, రెండుసార్లు పొలానికి వెళ్లి కొలిచిన కొలతలు అన్నీ ఇక్కడ పెడుతున్నా. అరకు, పాడేరు, చింతపల్లి వైపే కాదు, వాలు పొలం ఎక్కడున్నా పనికొస్తాయి.

స్టెప్ 1: ముందు పొలాన్ని కొలవండి, దానికి మీ ఫోన్ చాలు

షోరూమ్‌కి వెళ్లేముందు చేయాల్సిన పని ఇది. దాదాపు ప్రతి ఫోన్‌లో యాక్సిలరోమీటర్ ఉంటుంది. ఐఫోన్‌లో మెజర్ యాప్‌లో లెవెల్ ఉంది, ఆండ్రాయిడ్‌లో ఉచిత లెవెల్ యాప్‌లు బోలెడు. మూడు మీటర్ల తిన్నటి వెదురు బొంగు గానీ, చెక్క గానీ వాలు వెంబడి నేల మీద పెట్టి, దాని మీద ఫోన్ ఉంచి డిగ్రీలు చదవండి. ఫోన్‌ని వెల్లకిలా పెట్టొద్దు, కెమెరా బంప్ వల్ల రీడింగ్ తేడా వస్తుంది. పొడవు అంచు మీద నిలబెట్టండి. ముందుగా ఇంట్లో చదునైన గచ్చు మీద సున్నా వస్తోందో లేదో చూసుకోండి.

ఒక్కో చెక్కలో కనీసం పది చోట్ల కొలవండి. సగటు చూసి ఊరుకోవద్దు, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకె రాసుకోండి. ట్రాక్టర్ తిరగబడేది సగటు దగ్గర కాదు, ఆ ఒక్క చోటే.

మావాడి పొలంలో వచ్చినవి: మడుల్లో 3 డిగ్రీల లోపు, మధ్య వాలులో 7 నుంచి 12, పైన కాఫీ చెక్కలో 19. కొందరు వాలుని శాతంలో చెప్తారు. 10 డిగ్రీలంటే సుమారు 18 శాతం, 15 అంటే 27, 20 అంటే 36.

పొలానికి వెళ్లే దారి కూడా కొలవండి. వెడల్పు, మలుపులు, మధ్యలో గెడ్డ ఉంటే అది కూడా. మావాళ్ల దారి ఇరుకైన చోట ఐదడుగులు. అక్కడే సగం మోడళ్లు లిస్టులోంచి పోయాయి.

స్టెప్ 2: ఎంత వాలు సేఫ్? ఈ లెక్క చూడండి

ట్రాక్టర్ పక్కకి ఎప్పుడు పడుతుందో తేల్చేవి రెండు: చక్రాల మధ్య వెడల్పు, బరువు కేంద్రం ఎత్తు. ఉదాహరణకి, చక్రాల బయటి అంచుల మధ్య 90 సెంటీమీటర్లు, బరువు కేంద్రం నేలకి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. ట్రిగనామెట్రీ ప్రకారం కదలకుండా నిలబడి ఉంటే అది పడిపోయే కోణం సుమారు 37 డిగ్రీలు. "అబ్బో, మా పొలం 12 డిగ్రీలేగా" అనిపిస్తుంది కదా? ఆగండి.

పై చక్రం 15 సెంటీమీటర్ల రాయి ఎక్కింది, అదే క్షణంలో కింది చక్రం 10 సెంటీమీటర్ల గుంతలో దిగింది. రెండూ కలిపి 25 సెంటీమీటర్లు. 90 సెంటీమీటర్ల వెడల్పుకి అది అదనంగా 16 డిగ్రీలు. మీ 12 డిగ్రీల వాలు ఇప్పుడు 28 అయింది. దానికి తోడు వెనక స్ప్రేయర్ ట్యాంక్ నింపి పెట్టారనుకోండి, బరువు కేంద్రం 75 సెంటీమీటర్లకి లేచింది. పడిపోయే కోణం 37 నుంచి 31కి దిగింది. మిగిలిన మార్జిన్ మూడు డిగ్రీలు. ఇంకా వేగం, మలుపు, ట్యాంకులో నీళ్ల ఊపు కలపనే లేదు.

ఇంకో విషయం. ట్రాక్టర్ ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది. అందుకే మొదట్లో దాన్ని నిలబెట్టేది నాలుగు కాళ్ల బల్ల లాంటి ఆధారం కాదు, ముక్కాలిపీట లాంటిది. కాబట్టి అసలు కోణం పై లెక్క కంటే ఇంకా తక్కువే ఉంటుంది.

ఇవన్నీ చూశాక మేం పెట్టుకున్న గీత ఇదీ: 8 డిగ్రీల వరకు మామూలు జాగ్రత్తతో పని. 8 నుంచి 12 వరకు నెమ్మదిగా, తడి లేనప్పుడు, రాళ్లు ఏరాక. అంతకు మించితే ట్రాక్టర్ దించం. మీరు కొనే మోడల్ మాన్యువల్లో ఇంతకంటే తక్కువ ఉంటే మాన్యువల్ మాటే ఫైనల్.

రూమ్మేట్ వాళ్ల నాన్న ఈ లెక్కలన్నీ ఓపిగ్గా విని ఒక్క మాట అన్నారు: "ఆ పైచెక్కలో ఎడ్లే జారతాయి బాబూ, దీన్నెలా ఎక్కిస్తాం?" నా ట్రిగనామెట్రీ అంతా చెప్పింది కూడా ఇదే.

స్టెప్ 3: హెచ్‌పీ ఎంత కావాలి?

డీలర్లు ముందు చెప్పేది ఇంజిన్ హెచ్‌పీ. మనకి కావాల్సింది పీటీవో దగ్గర వచ్చే పవర్, అంటే రోటవేటర్‌ని తిప్పే పవర్. మామూలుగా అది ఇంజిన్ హెచ్‌పీలో 85 శాతం చుట్టూ ఉంటుంది. కొండ ప్రాంతంలో ఇంకో కోత ఉంది. టర్బో లేని డీజిల్ ఇంజిన్ ప్రతి 300 మీటర్ల ఎత్తుకి సుమారు 3 శాతం పవర్ కోల్పోతుంది, గాలి పలచబడుతుంది కాబట్టి. పాడేరు, అరకు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. అంటే 9 శాతం కట్.

21 హెచ్‌పీ ట్రాక్టర్ అక్కడ 19 అవుతుంది, పీటీవో దగ్గరికి వచ్చేసరికి 16. 24 హెచ్‌పీది పీటీవో దగ్గర దాదాపు 18.5.

ఈ రెండున్నర హెచ్‌పీ తేడా ఎందుకంటే, వాలులో స్థిరత్వం కోసం చక్రాల వెడల్పు పెంచుకోవాలి. చాలా మోడళ్లలో రిమ్ములు తిప్పి బిగిస్తే వెడల్పు పెరుగుతుంది. 90 సెంటీమీటర్లని 110 చేస్తే మన ఉదాహరణలో 37 డిగ్రీలు 42 దాటుతుంది. ఖర్చు లేని అప్‌గ్రేడ్ ఇదే. కానీ రోటవేటర్ వెడల్పు చక్రాల కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే టైరు తొక్కిన గాడి దున్నకుండా మిగిలిపోతుంది. మూడున్నర అడుగుల రోటవేటర్ అంటే 107 సెంటీమీటర్లు, 110కి చాలదు. నాలుగడుగులది, అంటే 122 సెంటీమీటర్లు కావాలి. దాన్ని ఆ ఎత్తులో తిప్పడానికి 21 హెచ్‌పీ ఆయాసపడుతుంది. అందుకే మేం 24 క్లాస్‌కి వెళ్లాం.

మార్కెట్‌లో ఏమున్నాయి?

మొదటి ఫిల్టర్: ఫోర్ వీల్ డ్రైవ్. వాలులో ఇది లగ్జరీ కాదు. ఎక్కేటప్పుడు పట్టు కోసమే అనుకుంటారు చాలామంది, అసలు లాభం దిగేటప్పుడు. ఇంజిన్ బ్రేకింగ్ నాలుగు చక్రాలకీ అందుతుంది.

కుబోటా నియోస్టార్ ఏ211ఎన్: 21 హెచ్‌పీ, మూడు సిలిండర్లు, 1001 సీసీ, ఫోర్ వీల్ డ్రైవ్. సన్నగా ఉంటుంది, తోటల మధ్య బాగా తిరుగుతుంది. దారి మరీ ఇరుకైతే మొదట చూడాల్సింది ఇదే.

మహీంద్రా జీవో 245 డీఐ: 24 హెచ్‌పీ, రెండు సిలిండర్లు, ఫోర్ వీల్ డ్రైవ్, లిఫ్ట్ కెపాసిటీ 750 కిలోలు. ఫీచర్లు తక్కువ, పని సూటిగా ఉంటుంది.

మహీంద్రా ఓజా సిరీస్: 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో లాంచ్ చేశారు. తయారయ్యేది మాత్రం మన జహీరాబాద్‌లోనే. 20 నుంచి 40 హెచ్‌పీ వరకు మోడళ్లు ఉన్నాయి. ముందుకీ వెనక్కీ సులభంగా మార్చే షటిల్, ఇంప్లిమెంట్ ఎత్తితే పీటీవో దానంతటదే ఆగడం లాంటి ఫీచర్ల కోసం చూసేవాళ్లకి ఇది. లాంచ్‌లో ఓజా 2127 ధర పుణే ఎక్స్‌షోరూమ్ 5,64,500 రూపాయలు.

స్వరాజ్ కోడ్: 2021లో వచ్చింది, 11 హెచ్‌పీ క్లాస్, పెట్రోల్ ఇంజిన్, టూ వీల్ డ్రైవ్. చదును నేలలో కూరగాయల వరుసల మధ్య కలుపు తీయడానికి ముచ్చటైన మెషిన్. మన వాలు పనికి సరిపోదు.

ధర అడిగేటప్పుడు గుర్తుంచుకోండి: 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేట్ల లిస్ట్ చూపిస్తే ఒప్పుకోవద్దు. యంత్రాల సబ్సిడీ ఇప్పుడు నడుస్తోందో లేదో మీ రైతు సేవా కేంద్రంలో కొనకముందే కనుక్కోండి. బిల్లు అయ్యాక అడిగితే లాభం ఉండకపోవచ్చు.

కస్టమైజేషన్: డబ్బు ఎక్కడ పెట్టాలి?

మొదటి రూపాయి రోల్ బార్‌కి. మన దగ్గర చాలా మినీ ట్రాక్టర్లు ఇది లేకుండానే షోరూమ్ నుంచి బయటికి వస్తాయి. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకి దీన్ని తప్పనిసరి చేసింది, ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడ ట్రాక్టర్ తిరగబడి చనిపోవడం దాదాపు కనుమరుగైంది. చెట్ల కింద తిరగాలంటే మడిచేది తీసుకోండి. బార్ నిలబెట్టి ఉంటే సీట్ బెల్ట్ పెట్టుకోవాలి. మడిచి ఉంటే, లేదా అసలు లేకపోతే పెట్టుకోకూడదు. ఊళ్లో వెల్డింగ్ షాపులో పైపు వంచి చేయించొద్దు. చూడ్డానికి అలాగే ఉంటుంది, బరువు పడితే వంగిపోతుంది. కంపెనీ పరీక్షించిన పార్టే తీసుకోండి.

రెండోది బరువు. వెనక టైర్లలో మాన్యువల్ చెప్పినంత మేర, సాధారణంగా ముప్పావు వంతు, నీళ్లు నింపిస్తే బరువు కిందికి చేరి స్థిరత్వం పెరుగుతుంది. ముందు వెయిట్లు కూడా వేయించండి. రోటవేటర్ ఎత్తినప్పుడు ముందు చక్రాలు తేలిపోతే స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు. టెస్ట్ ఈజీ: ఇంప్లిమెంట్ ఎత్తి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి తూకం వేయండి. ట్రాక్టర్ బరువులో కనీసం 20 శాతం అక్కడ కనిపించాలి.

మూడోది అటాచ్‌మెంట్లు. నాలుగడుగుల రోటవేటర్, ఐదు కర్రుల కల్టివేటర్, అల్లం పసుపు బోదెలకి రిడ్జర్. మొదటి ఏడాదికి ఇవి చాలు. ట్రాలీ కొంటే బ్రేకులున్నదే కొనండి. బ్రేకుల్లేని ట్రాలీలో ట్రాక్టర్ బరువుకి మించి వేసుకుని ఘాట్ దిగితే, వెనక బరువే డ్రైవర్ అవుతుంది. మొద్దులు, బండలు లాగాల్సి వస్తే గొలుసు కింది డ్రాబార్‌కే కట్టండి. ఇరుసు కంటే పైన కడితే ముందు భాగం లేచి వెనక్కి తిరగబడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు. క్లచ్ మీద కాలు పడేలోపే అయిపోతుంది.

ఏ దిక్కున దున్నాలి? ఇదే అసలు చిక్కు

మట్టి కొట్టుకుపోకుండా ఉండాలంటే వాలుకి అడ్డంగా దున్నాలి. వ్యవసాయ శాఖ చెప్పేదీ, పెద్దలు ఎడ్లతో చేసిందీ అదే. కానీ ట్రాక్టర్ పక్కకి పడే ప్రమాదం అడ్డంగా వెళ్లినప్పుడే ఎక్కువ. నిలువుగా పైకీ కిందికీ దున్నితే మనిషి సేఫ్, కానీ ఆ చాళ్లన్నీ వానకి కాలువలై పైమట్టిని గెడ్డలో కలుపుతాయి. పైగా రోటవేటర్ మట్టిని పిండి చేస్తుంది.

ఏ యాక్సెసరీ కొన్నా ఇది తీరదు, పొలాన్నే మార్చాలి. 8 డిగ్రీల లోపు అడ్డంగా దున్నుతారు. 8 నుంచి 12 ఉన్న భాగంలో అడ్డంగా గట్లు పోసి, గట్ల మీద గడ్డి పెంచి, రెండు మూడేళ్లలో మెట్లుగా చదును చేయాలని మావాళ్ల ప్లాన్. ఆ పని అయ్యేదాకా అక్కడ ఎడ్లు, పవర్ వీడరే. 19 డిగ్రీల కాఫీ చెక్కకి దున్నకం అవసరమే లేదు, అక్కడికి ట్రాక్టర్ వెళ్లదు.

కొనాలా? వద్దా?

కొనండి: మీ పొలంలో సగానికి పైగా 8 డిగ్రీల లోపు ఉంటే, దారి సరిపోతే, రోల్ బార్‌కి బడ్జెట్ ఉంటే. పక్క రైతుల పొలాలకి కిరాయికి కూడా తిప్పగలిగితే లోన్ కిస్తీ తేలిక.

ఆగండి: పొలం ఎక్కువ భాగం 12 దాటితే. నాలుగెకరాల్లో ట్రాక్టర్ దిగేది ఎకరమే అయితే, ఆ ఎకరానికి కిరాయి ట్రాక్టర్, మిగతాదానికి పవర్ వీడర్ చాలు. లక్షల్లో మిగులుతుంది.

బ్రాండ్ విషయంలో చివరి మాట. ఒకే క్లాస్‌లో రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతే, స్పెక్ షీట్ మూసేసి సర్వీస్ ఎంత దూరమో అడగండి. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైనే. దుక్కి రోజుల్లో హైడ్రాలిక్ సీల్ పోతే మెకానిక్ ఘాట్ ఎక్కి వస్తాడా, పార్ట్ ఎన్ని రోజుల్లో వస్తుంది? ఈ జవాబు రాయించి తీసుకోండి. డెమో షోరూమ్ ముందు తారు రోడ్డు మీద వద్దు, మీ పొలంలో, మీరు కొలిచిన వాలులో, నాలుగడుగుల రోటవేటర్ తగిలించి చేయమనండి. అంత దూరం రానన్న డీలర్, రేపు రిపేర్‌కీ రాడు.