గ్రిల్లు నిప్పుకు ఆరుబయలే చోటు

మే నెలాఖరున మెమోరియల్ డే వచ్చిందంటే అమెరికాలో పెరళ్లన్నిటా గ్రిల్లుల మీద కప్పిన కవర్లు తీస్తారు. సెప్టెంబరు మొదటి సోమవారం, లేబర్ డే దాకా ఆ సందడి తగ్గదు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలోనైనా, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనైనా తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఇదే తంతు. కారం, అల్లంవెల్లుల్లి పట్టించి రాత్రంతా నానబెట్టిన చికెన్, మొక్కజొన్న పొత్తులు, పనీర్ ముక్కలు, రోటి పచ్చడికి కాల్చే వంకాయలు అన్నీ ఆ గ్యాస్ గ్రిల్లు మీదికే చేరతాయి. అదే అమెరికాలో 2014 నుంచి 2018 వరకు గ్రిల్లుల వల్ల ఇళ్ల దగ్గర ఏటా సగటున 10,600 అగ్నిప్రమాదాలు జరిగాయని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ లెక్క. వాటిలో 8,900 గ్యాస్ గ్రిల్లులవే. గ్రిల్లు దగ్గర గాయపడి ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వెళ్లినవాళ్లు ఏటా సగటున 19,700 మంది. అన్ని నెలలకంటే ఎక్కువ ప్రమాదాలు జూలైలో. కారణాలు చూస్తే ఏ ఒక్కటీ అంతుపట్టనిది కాదు: గ్యాస్ లీకవడం, కొవ్వు పేరుకున్నా శుభ్రం చేయకపోవడం, మంటను గోడకో రెయిలింగుకో దగ్గరగా పెట్టడం, వెలిగించి వదిలేసి వెళ్లడం. సిలిండర్ దానంతటది పేలడం ఈ జాబితాలో ముందు వరసలో ఎక్కడా లేదు. మనం మాత్రం భయపడేది దానికే.

ఆ భయం ఇప్పుడు తగ్గడానికి కారణం ఉంది. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్‌ను ఇంజినీర్లు ఏళ్ల తరబడి ఒక్కో లోపమూ సరిచేస్తూ వచ్చారు. వాల్వ్ తిప్పే పిడి మూడు మూలలుగా ఉందంటే లోపల ఒక తేలే పరికరం ఉన్నట్టు. సిలిండర్ 80 శాతం నిండగానే అది గ్యాస్ లోపలికి పోకుండా ఆపేస్తుంది. ద్రవరూపంలోని ప్రొపేన్ ఎండకు వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ ఐదోవంతు ఖాళీ ఉండి తీరాలి. ఈ పరికరం లేని చిన్న సిలిండర్లను నింపకూడదన్న నిబంధన 2002 నుంచి అమల్లో ఉంది. సిలిండర్‌కు చేత్తో బిగించే పెద్ద ప్లాస్టిక్ నట్టులో మరో రెండు రక్షణలు దాగి ఉన్నాయి. మంట తగిలి అది వేడెక్కితే లోపలి భాగం కరిగి గ్యాస్ ఆగిపోతుంది. గొట్టం తెగి గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్నితే ప్రవాహం సన్నటి ధారకు పడిపోతుంది. అసలు వాసనే లేని వాయువుకు కుళ్లిన వాసన కలపడం నాలుగో రక్షణ. ఇన్ని కాపలాలున్నా ఏటా వేల ఇళ్ల దగ్గర మంటలు లేస్తున్నాయంటే, లోపం ఇంకా సిలిండర్‌లోనే ఉందనుకోవడం సరికాదు. బయటికొచ్చిన గ్యాస్ ఎక్కడ ఉంది, అంటుకునే ముందు ఎంతసేపు పోగుపడింది అన్న రెండు విషయాలను ఏ వాల్వూ చూసుకోలేదు. చోటునీ, వ్యవధినీ చూసుకోవాల్సింది మనుషులే. మన ఇళ్లలో ఎక్కువగా పొరపాటు జరిగేది కూడా ఈ రెండింటిలోనే.

ముందు చోటు సంగతి. తెలుగు ఇళ్లు ఎన్నింటిలోనో గ్రిల్లుకు తోడు గ్యారేజీలో మరో పొయ్యి ఉంటుంది. చేపల వేపుడు వాసన, తాలింపు ఘాటు ఇల్లంతా పట్టకూడదనీ, పొగకు అలారం మోగకూడదనీ స్టాండు మీద ప్రొపేన్ బర్నర్ బిగించి పండగ వంటలన్నీ అక్కడే కానిస్తారు. చలికాలంలో, వానలో గ్రిల్లు కూడా సిలిండర్‌తో సహా అక్కడికే వస్తుంది. కాదంటే వచ్చే జవాబు ఒక్కటే: ‘ఇండియాలో పుట్టినప్పటి నుంచీ సిలిండర్ వంటింట్లోనే ఉంది కదా, ఏమైంది?’ ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు, అనుభవం నుంచి వచ్చింది కాబట్టి. కానీ ఆ అనుభవం వేరే గ్యాస్‌ది, వేరే ఇంటిది. మన 14.2 కిలోల సిలిండర్‌లో ఉండేది బ్యూటేన్, ప్రొపేన్ల మిశ్రమం. గ్రిల్లు సిలిండర్‌లో దాదాపు అంతా ప్రొపేనే. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర మరిగితే ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీలకే మరుగుతుంది. అందుకే ఒకే ఎండలో ప్రొపేన్ సిలిండర్ లోపలి ఒత్తిడి చాలా ఎక్కువ. ఆ ఒత్తిడి హద్దు దాటితే సిలిండర్ పగలకుండా గ్యాస్‌ను బయటికి వదిలేసే ఒక వాల్వ్ దానికి ఉంటుంది. అది పనిచేయాలంటే పైన ఆకాశం ఉండాలి. నాలుగు గోడల మధ్య అదే వాల్వ్ తెరుచుకుంటే సిలిండర్ బతుకుతుంది, ఇల్లు ప్రమాదంలో పడుతుంది. ఇక మన వంటింటికి కిటికీ ఉంటుంది, తలుపు తీసే ఉంటుంది. అక్కడ కూడా సిలిండర్‌ను నేలమాళిగలో పెట్టొద్దని గ్యాస్ కంపెనీలు చెబుతూనే ఉన్నాయి. అమెరికా ఇల్లు చలికీ ఏసీకీ అనువుగా సందుల్లేకుండా మూసి కట్టినది.

గ్యారేజీ లెక్క ఒకసారి వేసి చూద్దాం. రెండు కార్లు పట్టే గ్యారేజీ ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు అనుకుంటే లోపల సుమారు 90 ఘనమీటర్ల గాలి ఉంటుంది. గాలిలో 2 శాతం పైచిలుకు చేరితే చాలు, ప్రొపేన్ అంటుకుంటుంది. అంటే మూడున్నర కిలోల గ్యాస్ మొత్తం గ్యారేజీని మండే గదిగా మార్చగలదు. 20 పౌండ్ల సిలిండర్‌లో ఉండేది తొమ్మిది కిలోలు. పైగా ఇదంతా గ్యాస్ సమంగా కలిసిపోతే వచ్చే లెక్క. ప్రొపేన్ అలా కలవదు. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువైనది కాబట్టి నేల మీద పరుచుకుంటుంది, పల్లానికి పారుతుంది, మూలల్లో నిలుస్తుంది. కాబట్టి నేలబారున మంట లేవడానికి అంతకంటే చాలా తక్కువ గ్యాస్ సరిపోతుంది. ఎన్నో ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ ఉండేది ఆ గ్యారేజీలోనే. పెరుగు డబ్బాలూ పచ్చళ్లూ పెట్టుకునే రెండో ఫ్రిజ్ ఉండేదీ అక్కడే. ఒకదానిలో మంట, రెండోదానిలో మోటారు ఆన్ అయిన ప్రతిసారీ నిప్పురవ్వ పుట్టే వీలు. ‘తలుపు పూర్తిగా పైకెత్తే వండుతాం’ అంటారు. వండేటప్పుడు సరే. వంటయ్యాక తలుపు దిగుతుంది, సిలిండర్ మాత్రం రాత్రంతా లోపలే ఉంటుంది. సరిగ్గా కట్టని నాబ్ పని చేసేది ఆ రాత్రిపూటే. వండేటప్పుడు కూడా సగం మూసిన చోట పోగయ్యే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. చలికి సిలిండర్ పాడవుతుందేమోనని లోపల పెట్టేవాళ్లకు మైనస్ 42 అన్న అంకె ఒక్కటే చాలు. మంచులో నిలబెట్టినా దానికేమీ కాదు. గ్రిల్లును గ్యారేజీలో దాచుకోవాలంటే సిలిండర్ విప్పి బయట వదిలేసి గ్రిల్లును మాత్రమే లోపలికి తోయాలి.

అపార్ట్‌మెంట్లలో బాల్కనీ గొడవ వేరు. ఆరుబయలే కదా, గాలి ఆడుతుంది కదా అన్న వాదనలో గ్యాస్ పోగుపడటం వరకు కొంత నిజముంది. కానీ బాల్కనీలో ఉండే ముప్పు మంటది. కొవ్వు కారి మంట ఎగిస్తే అది ముందు తాకేది పై అంతస్తు బాల్కనీ అడుగుభాగాన్ని. చెక్కతో కట్టిన ఇళ్ల గోడలకు తొడిగే వినైల్ పలక 71 డిగ్రీల సెల్సియస్ చేరేసరికే మెత్తబడుతుంది. గ్రిల్లు వెనక్కి కొట్టే వేడికి అది ఒక లెక్కా? చాలా రాష్ట్రాలు అనుసరించే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ ఇందుకే మండే బాల్కనీల మీదా, మండే కట్టడాలకు పది అడుగుల లోపూ గ్రిల్లు వాడొద్దంటుంది. ఒక పౌండు సిలిండర్‌తో నడిచే చిన్న గ్యాస్ పొయ్యికీ, నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లున్న భవనాలకూ మినహాయింపు ఇచ్చింది. విడి ఇళ్లకూ మినహాయింపే. అంతమాత్రాన విడి ఇంటి గోడ కాలదని కాదు. తన ఇల్లు తాను కాల్చుకునేవాడిని చట్టం ఆపలేదు, పక్కింటిని కాల్చకుండా మాత్రం ఆపుతుంది. విడి ఇల్లయినా గోడకూ, డెక్ రెయిలింగుకూ, చూరుకూ, వంగిన చెట్టుకొమ్మకూ గ్రిల్లును దూరంగా లాగాలి. చుట్టూ మూడడుగుల మేర పిల్లలు రాకూడదు. అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లు లీజు కాగితంలో గ్రిల్లు మీద రాసిన వాక్యాన్ని యజమాని చాదస్తమని కొట్టేయకండి. అది రాసింది పైన ఉండే కుటుంబం కోసం. ఎలక్ట్రిక్ గ్రిల్లుకు అనుమతి ఉంటే దాని మీద కూడా కబాబ్ బాగానే కాలుతుంది. పార్కుల్లో వనభోజనాలకు గ్రిల్లులు అమర్చి ఉంచిన చోట్లు ఎన్నో ఉన్నాయి.

చోటు బాగున్నా వెలిగించే తీరులో తప్పు జరుగుతుంది. మూత తీయకుండా గ్యాస్ వదిలితే గ్రిల్లే ఒక చిన్న గ్యారేజీ. బటన్ నొక్కితే టిక్ టిక్ అంటుంది, అంటుకోదు, మళ్లీ నొక్కుతారు, మూడోసారి నొక్కుతారు. ఈలోపు మూత కింద గ్యాస్ నిండుతూనే ఉంటుంది. ఆ తర్వాత వెలిగితే ఒక్కసారిగా ఎగిసే మంట ముఖాన్నీ ముంజేతుల్నీ కాలుస్తుంది. మూత తీసి, బర్నర్ నాబులన్నీ ఆఫ్‌లో ఉన్నాయని చూసుకుని, సిలిండర్ వాల్వ్ నెమ్మదిగా తిప్పి, ఆ తర్వాత ఒక్క బర్నర్ తెరిచి వెలిగించాలి. ఐదు సెకన్లలో అంటుకోకపోతే అంతా కట్టేసి ఐదు నిమిషాలు ఆగాలి. గాలికి మంట ఆరిపోయినా అంతే. ఆకలితో ఇరవై మంది అతిథులు ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు ఆ ఐదు నిమిషాలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. అయినా ఆగాలి. మరో చిక్కు తరచూ వస్తుంది. కొత్త సిలిండర్ తగిలించినా మంట సన్నగా, నీరసంగా వెలుగుతుంటే గ్యాస్ తక్కువ పోశారని తిట్టుకుంటారు, రెగ్యులేటర్ మీద కొడతారు. చాలాసార్లు జరిగింది వేరు. నాబ్ తెరిచే ఉండగా వాల్వ్‌ను గబుక్కున తిప్పితే లోపలి రక్షణ పరికరం గొట్టం తెగిందనుకుని ప్రవాహాన్ని బిగించేస్తుంది. అన్నీ కట్టేసి, నట్టు విప్పి, కొన్ని నిమిషాలాగి, మళ్లీ బిగించి నెమ్మదిగా తెరిస్తే మంట దారికొస్తుంది.

శీతాకాలమంతా మూలన పడి ఉన్న గ్రిల్లుకు ఇంకో పరీక్ష కావాలి. గిన్నెలు తోమే లిక్విడ్ సోప్ కొంచెం నీళ్లలో కలిపి, బర్నర్లు ఆఫ్‌లోనే ఉంచి సిలిండర్ తెరిచి, నట్టు చుట్టూ, రెగ్యులేటర్ దగ్గర, గొట్టం పొడవునా ఆ నీళ్లు బ్రష్‌తో పూయాలి. లీకున్న చోట ముందు ఒక చిన్న బుడగ ఉబ్బుతుంది, దాని పక్కన ఇంకోటి, చూస్తుండగానే నురగ గుత్తిలా పెరుగుతుంది. అగ్గిపుల్లతో చూడటం అనే పాత అలవాటు ఇక్కడికి తేవద్దు. గొట్టం మడిచినప్పుడు పగుళ్లు కనిపిస్తే టేపు చుట్టకుండా కొత్తది వేయండి. నాబులకూ బర్నర్లకూ మధ్యనుండే సన్నటి గొట్టాల్లో సాలీళ్లు గూడు కడతాయి. ఆ గూడు అడ్డుపడితే గ్యాస్ ముందుకు పోలేక వెనక్కి తన్ని మంట నాబుల వెనక లేస్తుంది. సన్నటి బ్రష్ దూర్చి తీస్తే పోయేదే. కొవ్వు పట్టే ట్రే కూడా వాడిన ప్రతిసారీ ఖాళీ చేయాలి. కొవ్వు అంటుకుంటే నీళ్లు పోయకూడదు. చెయ్యి అందితే గ్యాస్ కట్టేసి మూత వేయాలి. సిలిండర్ మెడ పట్టీ మీద చెక్కిన తయారీ తేదీ చూడండి, 12 ఏళ్లు దాటితే మళ్లీ తనిఖీ చేయించనిదే నింపకూడదు.

ఇదంతా అతి జాగ్రత్త కాదా అని అడగవచ్చు. ఇంటింటా గ్రిల్లున్న దేశంలో పది వేల ప్రమాదాలంటే ఒక్కో ఇంటికి వచ్చే ముప్పు చిన్నదే, అది ఒప్పుకోవాల్సిందే. గ్యాస్ గ్రిల్లు మానేయమని ఈ వ్యాసం చెప్పడం లేదు. బొగ్గుల గ్రిల్లుకు మారినంత మాత్రాన నిప్పు బాధ తీరదు కూడా, దాని బూడిద మర్నాటికీ నిప్పు దాచుకుంటుంది. కానీ ముప్పు చిన్నదైనా తప్పించుకునే ఖర్చు అంతకంటే చిన్నది. సబ్బునీళ్లు, ఐదు నిమిషాల ఓపిక, పెరట్లో పది అడుగుల జాగా. హైదరాబాద్‌లో డాబాల మీద గ్యాస్ గ్రిల్లు పెట్టుకునే సరదా మొదలైంది కాబట్టి ఒక మాట. విదేశీ గ్రిల్లును మన సిలిండర్‌కు బజారులో దొరికిన అడాప్టర్‌తో కలపకండి. ఆ గ్రిల్లు ఏ గ్యాస్‌కు, ఏ ఒత్తిడికి తయారైందో దాని మీదే రాసి ఉంటుంది.

ఈ వారాంతం గ్రిల్లు వెలిగించే ముందు గ్యారేజీలోని సిలిండర్‌ను బయటికి తెచ్చి నిటారుగా నిలబెట్టండి. వాల్వ్ ఎటు తిప్పితే మూసుకుంటుందో ఇంట్లో పెద్దవాళ్లందరికీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో సహా, ఒకసారి చూపించండి. గ్యాస్ వాసన వస్తే వాల్వ్ కట్టేయాలి. అప్పటికీ వాసన ఆగకపోయినా, వంట మధ్యలో వాసన వచ్చినా గ్రిల్లును కదపకుండా అందరూ దూరంగా వెళ్లి అక్కడి నుంచి 911కి ఫోన్ చేయాలి. ఇండియాలో అయితే ఆ నంబరు 1906.