పేకప్ చెప్పే దిక్కులేని షూటింగు!

సినిమా పత్రికలో వీడియో గేమ్ గొడవేమిటని మొహం చిట్లించకండి. ఈ గేమ్‌లో గేరీ ఓల్డ్‌మన్ వున్నాడు. "స్టార్ వార్స్" మార్క్ హేమిల్ వున్నాడు. "ఎక్స్ ఫైల్స్" జిలియన్ ఆండర్సన్ వుంది. సూపర్‌మేన్ వేషం కట్టిన హెన్రీ కేవిల్ కూడా వున్నాడు. డైరెక్టరు హాలీవుడ్‌లో సినిమా తీసిన మనిషే. ఇక బడ్జెట్టంటారా, హేమాహేమీలైన నిర్మాతలకే కళ్లు తిరుగుతాయి. అన్నీ వున్నాయి, ఒక్కటే తక్కువ. విడుదల!

2012 అక్టోబరులో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఈ గేమ్‌ను ప్రకటించారు. పేరు "స్టార్ సిటిజన్". సృష్టికర్త క్రిస్ రాబర్ట్స్. అంతరిక్షంలో సొంత ఓడ వేసుకుని తిరగొచ్చు, వ్యాపారం చేయొచ్చు, దొంగతనమూ చేయొచ్చు. వేలమంది ఆటగాళ్లు ఒకే లోకంలో కలిసి బతికే ఆన్‌లైన్ ఆట. 2014 నవంబరు నాటికి చేతికిస్తామన్నారు. 2024 సంవత్సరం కూడా వెళ్లిపోయింది గాని, పూర్తయిన గేమ్ మాత్రం రాలేదు. ఈలోగా జనం ఇచ్చిన సొమ్ము 70 కోట్ల డాలర్లు దాటింది. మన లెక్కలో అయిదున్నర వేల కోట్ల రూపాయలకు పైమాటే!

ఇది బ్యాంకు ఇచ్చిన అప్పు కాదు. ఆడబోయే కుర్రకారు ఆట రాకముందే తమ జేబుల్లోంచి తీసి ఇచ్చిన డబ్బు. ఎందుకిచ్చారు? ఒక పేరు చూసి. ఆ పేరు మీద పెట్టుకున్న నమ్మకం కథే ఇదంతా.

ఇంతకీ ఎవరీ రాబర్ట్స్?

1990లో "వింగ్ కమాండర్" అనే గేమ్ వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి యుద్ధనౌక నడుపుతున్నట్టు, తానే సినిమా హీరో అయినట్టు అనిపించిన ఆట అది. దాన్ని తయారుచేసిన రాబర్ట్స్‌కు అప్పటికి ఇరవై రెండేళ్లు. 1994లో వచ్చిన మూడో భాగంలో ఏకంగా మార్క్ హేమిల్, మాల్కమ్ మెక్‌డొవెల్ లాంటి నటుల్ని పెట్టి నిజం సినిమాలాగే షూటింగు చేశాడు. ఆ రోజుల్లో అది పెద్ద సంచలనం.

గేమ్‌లో సినిమా చూపించినవాడు సినిమానే తీయకుండా వుంటాడా? 1999లో "వింగ్ కమాండర్" వెండితెర కెక్కింది. దర్శకుడు రాబర్ట్సే. సుమారు 3 కోట్ల డాలర్లు ఖర్చయితే, అమెరికాలో వసూలైంది కోటి పదహారు లక్షల డాలర్ల ప్రాంతం. "స్టార్ వార్స్" కొత్త సినిమా ట్రైలర్ దీనికి జతచేసి వేశారు. పాపం, జనం ఆ ట్రైలర్ గురించి చెప్పుకున్నంతగా ఈ బొమ్మ గురించి చెప్పుకోలేదు. తర్వాత ఆయన నిర్మాతగా మారాడు. నికొలస్ కేజ్ నటించిన "లార్డ్ ఆఫ్ వార్" (2005) నిర్మాతల్లో ఆయనా ఒకరు.

ఈ మధ్యలో జరిగిన ఇంకో సంగతి వుంది. అసలు కీలకం అక్కడే. 1996లో రాబర్ట్స్ డిజిటల్ ఆన్విల్ అనే సొంత కంపెనీ పెట్టి, "ఫ్రీలాన్సర్" అనే భారీ గేమ్ మొదలుపెట్టాడు. అందులోనూ బ్రహ్మాండమైన అంతరిక్షం, బ్రహ్మాండమైన వాగ్దానాలు. షెడ్యూలు మీద షెడ్యూలు దాటిపోయింది. చివరికి 2000లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది. రాబర్ట్స్ తప్పుకున్నాడు. మిగిలినవాళ్లు ఆశలు కొన్ని కత్తిరించి, వున్నదాన్ని చక్కబెట్టి, 2003లో గేమ్ విడుదల చేశారు. ఆడినవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

అంటే ఏమిటి? కలగన్నవాడు ఒకరు, "చాలు బాబూ, ఇక పేకప్!" అన్నవాడు ఇంకొకరు. ఇద్దరూ వుంటేనే బొమ్మ బయటికొచ్చింది.

రెండు రూపాయల నిర్మాతలు

జనం చందాలతో బొమ్మ తీయడం మనకు కొత్తేం కాదు. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన "మంథన్"కు నిర్మాతలు గుజరాత్‌లోని 5 లక్షలమంది పాల రైతులు. తలా రెండు రూపాయలు వేసుకున్నారు. బొమ్మ పూర్తయ్యాక తమ సినిమా చూసుకోవడానికి లారీలెక్కి వచ్చారు. మన తెలుగులో 2018లో వచ్చిన "మను" కూడా అభిమానులు వేసుకున్న డబ్బుతో తయారైన చిత్రమే.

గేమ్‌ల లోకంలో ఈ గాలి 2012లో ఎత్తుకుంది. టిమ్ షేఫర్ అనే పాత కాపు కొత్త ఆట చేస్తానంటే, కిక్‌స్టార్టర్ అనే వేదిక మీద 87 వేలమంది కలిసి 33 లక్షల డాలర్లు ఇచ్చారు. అప్పట్నుంచి ఒకప్పటి హిట్ల సృష్టికర్తలందరూ వరసకట్టారు. "పబ్లిషర్లు మా కథ వినడం లేదు, మీరే మా నిర్మాతలు" అన్నదే అందరి పల్లవీ. రాబర్ట్స్ 5 లక్షల డాలర్లు చాలన్నాడు. కిక్‌స్టార్టర్‌లో 21 లక్షలు, సొంత సైటుతో కలిపి 62 లక్షల డాలర్లు వచ్చిపడ్డాయి. 2015కల్లా అది 10 కోట్లయింది. 2018లో 20 కోట్లు. 2022లో 50 కోట్లు.

డబ్బు పెరిగిన కొద్దీ కథ పెరిగింది. ఇంకో గ్రహం, ఇంకో ఓడ, ఇంకో ముచ్చట. పాట ఒకటి అనుకున్న చోట ఆరు పాటలు పెట్టినట్టు!

ఓడల బజారు

ఇంత డబ్బు ఎలా వస్తోందంటే, ఓడలు అమ్మి. గేమ్‌లో నడుపుకునే అంతరిక్ష నౌకల్ని నిజం డాలర్లకు అమ్ముతారు. కొన్ని ఓడలు ఇంకా తయారే కావు, బొమ్మ చూసి కొనుక్కోవాలి. 2018లో దాదాపు అన్ని ఓడలూ కలిపిన ఒక మూట అమ్మకానికి పెట్టారు. ధర 27,000 డాలర్లు! అంతకుముందే వెయ్యి డాలర్లు ఖర్చు చేసినవాళ్లకు తప్ప మిగిలినవాళ్లకు అది కనిపించను కూడా కనిపించలేదు.

మన సినిమా వ్యాపారంతో పోల్చి చూడండి. నిర్మాత ఫైనాన్సు తెస్తాడు. ఆ రోజు నుంచి వడ్డీ మీటరు తిరుగుతూనే వుంటుంది. నైజాం బయ్యరు, సీడెడ్ బయ్యరు అడ్వాన్సు ఇచ్చి ప్రాణం తీస్తుంటారు. సంక్రాంతి దాటితే కొంప మునుగుతుంది. డైరెక్టరు "ఇంకో పది రోజులు షూట్ చేస్తా" నంటే నిర్మాత చేతులెత్తి దండం పెడతాడు. అంచేత బొమ్మ మంచిదో చెడ్డదో, ఎలాగోలా థియేటర్‌కి చేరుతుంది. పోతే అడగటానికి బయ్యరుకు నోరుంది. 2002లో "బాబా" దెబ్బతిన్నప్పుడు రజనీకాంత్ నష్టపోయినవాళ్లకు డబ్బు వెనక్కిచ్చిన సంగతి అందరికీ తెలుసు.

ఇక్కడ వడ్డీ లేదు. గడువు లేదు. ఓడలు అమ్ముడవుతున్నంత కాలం షూటింగు నడుస్తూనే వుంటుంది. ఇంకా గట్టిగా చెప్పాలంటే, విడుదలైతే ఆటను వున్నదున్నట్టు చూసి మార్కులేస్తారు. విడుదల కానంత కాలం ప్రతివాడూ తన ఊహలోని ఆటనే చూసుకుంటాడు. ఊహకు మించిన ఓపెనింగ్స్ ఏ బొమ్మకు వస్తాయి?

మరి బయ్యరుకున్న నోరు మామూలు అభిమానికి వుందా? 2018లో ఒకాయన తానిచ్చిన 4,500 డాలర్లు తిరిగి ఇప్పించమని లాస్ ఏంజెలిస్‌లో చిన్న తగాదాల కోర్టుకెక్కాడు. షరతుల ప్రకారం మధ్యవర్తి దగ్గరకు వెళ్లాలి గాని కోర్టుకు కాదని కేసు కొట్టేశారు. ఆ షరతులు ఎంతమంది చదివి "ఒప్పుకున్నాను" నొక్కి వుంటారో మీరే ఊహించుకోండి.

మరి మోసమేనా?

అలా అనడానికి నా కలం ఒప్పుకోదు. డబ్బు మూటగట్టుకుని పారిపోయినవాళ్ల కథ కాదిది. ఆట అసంపూర్తిగానైనా ఆడుకోవడానికి వుంది. 2013లో ఓడను చూసుకునే షెడ్డు ఇచ్చారు. 2014లో పోరాటం వచ్చింది. 2017 చివర్లో దిగి నడవగలిగే ఉపగ్రహాలు వచ్చాయి. 2024 డిసెంబరులో వచ్చిన 4.0లో రెండో నక్షత్ర మండలం వచ్చింది. చాలా సర్వర్లు కలిసి ఒకే లోకాన్ని మోసే పద్ధతి కూడా అందులోనే వచ్చింది. అంతకుముందు ఒక లోకంలో వందమంది పట్టేవారు, 4.0తో అయిదు వందల దాకా పట్టారు. కష్టమైన పనే, కాదనను. 2018 నుంచి జమాఖర్చులు కూడా బయటపెడుతున్నారు. ఆ ఏడాదే సంగీత వ్యాపారి క్లైవ్ కాల్డర్ కుటుంబం 4 కోట్ల 60 లక్షల డాలర్ల పెట్టుబడి పెట్టి సుమారు పదోవంతు వాటా తీసుకుంది. గమనించారా? కాల్డర్‌కు వాటా దొరికింది. పదేళ్లుగా డబ్బిస్తున్న అభిమానికి ఓడ దొరికింది!

ఇక తారలు నటించింది "స్క్వాడ్రన్ 42" అనే కథాభాగంలో. నటీనటుల పేర్లు 2015లోనే ప్రకటించారు. 2016లో వస్తుందన్నారు. రాలేదు. 2024 అక్టోబరులో మాత్రం 2026 అని కొత్త తేదీ చెప్పారు.

తోటివాళ్ల సంగతి

పేరుంటే చాలదని చెప్పడానికి ఇంకో మూడు కథలున్నాయి. రిచర్డ్ గేరియట్ "అల్టిమా" సృష్టికర్త, 2008లో నిజంగానే రోదసిలోకి వెళ్లొచ్చిన మనిషి. 2013లో "ష్రౌడ్ ఆఫ్ ది అవతార్" కోసం జనం ఆయనకు 19 లక్షల డాలర్లిచ్చారు. 2018లో ఆట వచ్చింది గాని ఆడలేదు. మరుసటి ఏడాదే అది వేరే కంపెనీ చేతికి పోయింది. మార్క్ జేకబ్స్ 2013లో "కేమలాట్ అన్‌చెయిన్డ్" కోసం 22 లక్షల డాలర్లు తీసుకున్నాడు. 2015 అన్నది 2024 చివరికీ తేలలేదు. మధ్యలో 2020లో ఇంకో గేమ్ ప్రకటిస్తే అభిమానులు మండిపడ్డారు.

మూడోది గుండె బరువెక్కించే కథ. "ఎవర్‌క్వెస్ట్" సృష్టికర్తల్లో ఒకడైన బ్రాడ్ మెక్‌క్వెయిడ్ 2014లో "పాంథియన్" కోసం అడిగిన 8 లక్షలు రాలేదు. అయినా చిన్న బృందంతో సాగించాడు. 2019లో యాభై ఒకటో ఏట కన్నుమూశాడు. ఆయన పేరు చూసి డబ్బిచ్చినవాళ్ల గతేమిటి? బృందం వదిలిపెట్టలేదు. 2024 డిసెంబరులో అసంపూర్తి రూపంలోనైనా ఆటను జనం చేతిలో పెట్టారు. అక్కడ నిలబడింది ఒక మనిషి పేరు కాదు, వెనకున్నవాళ్ల పట్టుదల.

పేరు నిలబెట్టుకున్నవాళ్లూ లేకపోలేదు. 1984 నాటి "ఎలైట్" సృష్టికర్తల్లో ఒకడైన డేవిడ్ బ్రేబెన్ సరిగ్గా రాబర్ట్స్ కాలంలోనే చందాలకు వచ్చి, సుమారు 15 లక్షల 78 వేల పౌండ్లతో 2014 డిసెంబరులో "ఎలైట్ డేంజరస్" విడుదల చేశాడు. ఆన్‌లైన్ లేకుండా ఆడుకునే వీలు చివర్లో తీసేసినందుకు తిట్లు పడ్డాయి. అయినా ఆట మాత్రం వచ్చింది. చిన్నది ముందు ఇచ్చి, ఆ తర్వాత పెంచుకుంటూ పోయాడు.

పెట్టొచ్చా, కూడదా?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కొడుకు ఈమధ్య ఇదే అడిగాడు. వాడు "స్టార్ సిటిజన్"కు 45 డాలర్ల ప్రవేశం ఎప్పుడో కట్టేశాడు. "వారానికి మూడు రాత్రులు ఆడుతున్నా అన్నయ్యా, డబ్బులు కిట్టినట్టే. ఇప్పుడు పెద్ద ఓడ ఒకటి పెట్టారు, ఒక నెల ఇంటి అద్దెంత. కొననా?" అన్నాడు.

నేనన్నాను: "నువ్వు కట్టిన 45 డాలర్లు టిక్కెట్టు. తెర మీద కనబడేదానికి కట్టావు, చూస్తున్నావు, బాగుంది. ఆ ఓడకు ఇచ్చేది మాత్రం టిక్కెట్టు కాదురా, ఫైనాన్సు. ఫైనాన్షియరుకు వడ్డీ వస్తుంది, పత్రం వుంటుంది. నీకేముంది?"

వాడు కాసేపు ఆలోచించి, "నమ్మకముంది" అన్నాడు. నవ్వొచ్చింది గాని, తీసిపారేసే మాట కాదది. ఆ నమ్మకం లేకపోతే "మంథన్" లేదు, "మను" లేదు, "ఎలైట్" తిరిగి పుట్టేదీ కాదు.

కాకపోతే నమ్మకం దేని మీద పెట్టాలన్నదే ప్రశ్న. ఆయన పాత హిట్లు ఎన్ని అని మాత్రమే చూడకండి. ఆ హిట్లకు పేకప్ చెప్పిందెవరో చూడండి. ఈరోజు చేతికి ఏమొస్తుందో చూడండి. షరతులు చదవండి. గొప్ప ఆట ఊహించడం ఒక విద్య, చెప్పిన రోజుకు పూర్తిచేయడం ఇంకో విద్య. మొదటి విద్యలో రాబర్ట్స్ దిట్ట అని 1990లోనే రుజువైంది. రెండోదానికి మాత్రం 2026 తేదీ ఆయనకు ఆయనే పెట్టుకున్న పరీక్ష. ఆ ఓడ అప్పటిదాకా బజార్లోనే వుంటుంది, ఎక్కడికీ ఎగిరిపోదు. తొందరేముంది?