ఫైరింజను దిగి... వార్డులోకి
అగ్నిమాపక శాఖ నుంచి నర్సింగ్‌కు మారడం సాధ్యమేనా? ఏది ముందు, ఏది తరువాత?

మంటల్లో చిక్కుకున్న వ్యక్తిని బయటకు తెచ్చే బాధ్యత అగ్నిమాపక సిబ్బందిది. ఆ ప్రాణాన్ని నిలబెట్టడంలో ఆసుపత్రి నర్సులది కీలకపాత్ర. రెండూ రాత్రింబవళ్లు వంతులవారీగా సాగే కొలువులే. రెండింటికీ నిబ్బరం, వేగం అవసరమే. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన యువతకు ఈ రెండు దారులూ తెరిచే ఉంటాయి. అయితే ఒక దారిలో కొన్నేళ్లు నడిచాక రెండోదానిలోకి మారడం మన వద్ద తేలిక కాదు.

అమెరికాలో ఇలా...

అమెరికాలో అగ్నిమాపక కేంద్రాలకు వచ్చే పిలుపుల్లో సగానికి పైగా వైద్య సహాయం కోరేవే. మంటలకు సంబంధించినవి స్వల్పం. అందువల్ల అనేక నగరాల్లో ఫైర్‌మన్లకు అత్యవసర వైద్య శిక్షణ తప్పనిసరి. కొందరు పైస్థాయి అయిన పారామెడిక్ అర్హతనూ సంపాదిస్తారు. వీరు నర్సులుగా మారేందుకు కొన్ని కళాశాలలు ప్రత్యేక అనుసంధాన కోర్సులు నడుపుతున్నాయి. చివరకు అందరిలాగే ఎన్‌క్లెక్స్ లైసెన్సు పరీక్షలో ఉత్తీర్ణులు కావలసిందే. 24 గంటల విధులు, ఆపై 48 గంటల విరామం అనే పద్ధతి చాలా కేంద్రాల్లో ఉన్నందున ఉద్యోగం వదలకుండానే చదువుకునే వీలుంటుంది.

వయసు పైబడ్డాక నిచ్చెనలెక్కే పని తప్పుతుందని నర్సింగ్ వైపు చూసేవారున్నారు. అయితే రోగులను లేపడం, పక్కకు తిప్పడం వల్ల నర్సులకూ నడుం నొప్పి మామూలేనని గుర్తించాలి.

మన వద్ద మొదటి మెట్టే

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఫైర్‌మన్ పోస్టులను పోలీసు నియామక మండళ్ల ద్వారా భర్తీ చేస్తున్నారు. రాత పరీక్షతో పాటు పరుగు తదితర దేహదారుఢ్య పరీక్షలు ఉంటాయి. శిక్షణలో ప్రథమ చికిత్స నేర్పినా, అది నర్సింగ్ చదువులో ఒక్క నెలనైనా తగ్గించదు. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ, అంతకు ముందు నుంచే ఉన్న 101 సేవ వేర్వేరు వ్యవస్థలుగా ఎదిగాయి.

కనుక ఫైర్‌మన్ నర్సు కావాలంటే మూడేళ్ల జీఎన్‌ఎం గాని, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గాని మొదటి నుంచీ చదవాలి. బీఎస్సీకి ఇంటర్‌లో జీవశాస్త్రం ఉండాలి. ప్రవేశానికి గరిష్ఠ వయసు సాధారణంగా 35 ఏళ్లు. పూర్తికాలపు కోర్సు కావడంతో విధులు నిర్వహిస్తూ చదవడం కుదరదు. శాఖ అనుమతి, సెలవు లభించకపోతే ఉద్యోగం వదులుకోవలసి వస్తుంది. అన్నేళ్లు జీతం లేకుండా కుటుంబం గడవాలి. సర్వీసు, సీనియారిటీ ఏమవుతాయో రాజీనామాకు ముందే లిఖితపూర్వకంగా తెలుసుకోవడం ఉత్తమం. పురుషులు ఆ కళాశాలలో తమకు ప్రవేశం ఉందో లేదో ముందుగా విచారించుకోవాలి.

ఏది ముందు?

రెండింటిపైనా ఆసక్తి ఉన్నవారికి నర్సింగ్ ముందు చదవడమే మేలు. రాష్ట్ర నర్సింగ్ మండలిలో నమోదు చేయించుకుని, ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకుంటే ఆ అర్హత చేతిలోనే ఉంటుంది. వయోపరిమితి దాటకముందే ఫైర్‌మన్ పరీక్ష రాయవచ్చు. ఎంపిక కాకపోయినా బతుకుతెరువుకు లోటుండదు. నియామక ప్రకటనలు ఏటా వెలువడవన్నదీ మరువరాదు. వాటి కోసమే చదువు ఆపి ఎదురుచూస్తే రెండు దారులూ మూసుకుపోయే ప్రమాదం ఉంది.

అనుభవం వృథా కాదు

ఉద్యోగం మారినా నేర్చినది అక్కరకు వస్తుంది. తీవ్రంగా కాలిన రోగికి ఎక్కించే సెలైన్‌ను శరీర బరువు, కాలిన శాతాన్ని బట్టి లెక్కిస్తారు. తొలి 24 గంటలకు లెక్కించిన దానిలో సగం మొదటి 8 గంటల్లోనే ఎక్కించడం ప్రచారంలో ఉన్న విధానం. ఆ 8 గంటలు ఆసుపత్రికి వచ్చిన క్షణం నుంచి కాదు, కాలిన క్షణం నుంచి లెక్క. ప్రమాదం ఎప్పుడు జరిగింది, తలుపులు మూసిన గదిలోనా, బయటా అని అడగడం అగ్నిమాపక కేంద్రంలో పనిచేసిన నర్సుకు అలవాటుగా ఉంటుంది. మూసిన గదిలో పొగ పీల్చినవారి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే, వేలికి తగిలించే పరికరం ఆక్సిజన్ సరిపడా ఉన్నట్లు తప్పుగా చూపవచ్చు.

ఆసుపత్రిలోనే మంటలు చెలరేగితే ఈ అనుభవం మరింత విలువైనది. 2011 డిసెంబరు 9న కోల్‌కతాలోని ఒక ఆసుపత్రిలో జరిగిన అగ్నిప్రమాదంలో 90 మందికి పైగా మరణించారు. రోగులను కాపాడే ప్రయత్నంలో కేరళకు చెందిన ఇద్దరు యువ నర్సులు ప్రాణాలర్పించారు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కొవిడ్ కేంద్రంగా వాడిన హోటల్‌లో 10 మంది మృతి చెందారు. లేవలేని రోగిని ఏ మార్గంలో, ఎలా తరలించాలో తెలిసిన నర్సు ప్రతి వార్డులో ఒక్కరున్నా ఎంతో మేలు.

ఉద్యోగం మారాలనుకునేవారు వయసు, కుటుంబ పరిస్థితి, శాఖ అనుమతి అనే మూడు విషయాలను సరిచూసుకున్నాకే అడుగు వేయాలి.