అంబాసిడర్‌కు కొత్త బ్రేకులా? కాస్త ఆగి ఆలోచించండి!

పోచమ్మమైదాన్ చౌరస్తా. సాయంత్రం ఆరు గంటలు. హన్మకొండలో పెళ్ళి చూసుకుని కొత్తవాడకు తిరిగి వస్తున్నాం. వెనక సీట్లో అమ్మ, పిన్ని, పిన్ని ఒళ్ళో మా చిన్నది. ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు తొక్కాను. పెడలు మెత్తగా లోపలికి పోయింది... ఇంకా పోయింది... నేలకు తగిలింది. బండి ఆగలేదు!

గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎలాగో రోడ్డు పక్క మట్టిలోకి దింపాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ అమ్మ ముఖం చూడలేకపోయాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఒకే ఒక్క మాట అంది. "అమ్మెయ్యి బిడ్డా. బాపు గుర్తని దాచుకుంటే, మనల్ని బాపు దగ్గరికే పంపేటట్టున్నది ఈ బండి!"

ఆ బండి 1973 మోడల్ అంబాసిడర్, మార్క్-2. బాపు జంపఖానాల వ్యాపారం చేసేవారు. మా వాడలో ఇంటింటా మగ్గం చప్పుడు వినిపించే రోజుల్లో నేసిన జంపఖానాల కట్టలు డిక్కీలోనూ, పైన క్యారియరు మీదా వేసుకుని ఊళ్ళు తిరిగిన బండి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న వార్త చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది బాపు, తర్వాత ఈ బండే. తుక్కు కింద అమ్మడానికి మనసొప్పలేదు. అలాగని అమ్మను మళ్ళీ భయపెట్టే ధైర్యమూ లేదు. మిగిలింది ఒకటే దారి... బాగు చేయించడం.

"బండి బ్రేకుల సంగతి ఆడవాళ్ళకెందుకమ్మా?" అన్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళకో కథ చెప్పాలి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త తయారు చేసిన మోటారు బండిని ఆయనకు చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి పుట్టింటికి, ఫోర్జైమ్‌కు బయల్దేరింది. సుమారు 106 కిలోమీటర్లు. దారిలో చెక్క బ్రేకులు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆపి, వాటికి తోలు ముక్కలు కొట్టించింది. ఇవాళ మనం బ్రేకు లైనర్లు అంటున్నామే, వాటికి అదే మొదలని చెబుతారు. కాబట్టి ఈ గొడవ మనకు కొత్తదేం కాదు!

ముగ్గురు, మూడు సలహాలు

మర్నాటికల్లా సలహాలు మొదలయ్యాయి. "ఏదైనా వ్యానుది ముందు భాగం మొత్తం దొరుకుతది అక్కా. డిస్కు బ్రేకులతో సహా కోసి అతికిద్దాం" అన్నాడో కుర్ర మెకానిక్. "గట్టి షాకబ్జర్లు వేయించు, బండి ఎత్తు తగ్గించు, రోడ్డును పట్టుకుంటది" అన్నాడు మా తమ్ముడు ఫోనులో. ఆటోనగర్‌లో బాపు ఎప్పుడూ పోయే ముసలి మేస్త్రి మాత్రం ఏ సలహా ఇవ్వలేదు. "ముందు నాలుగు చక్రాలు విప్పనియ్యి బిడ్డా. రోగం తెల్వకుండ మందు ఎట్ల చెప్పాలె?" అన్నాడు.

విప్పితే తేలిందేమిటి? వెనక చక్రం దగ్గర వీల్ సిలిండరు రబ్బరు చిట్లి నూనె మొత్తం కారిపోయింది. ఆ బండి బ్రేకులకు ఒకటే సర్క్యూటు. అంటే నాలుగు చక్రాలకూ నూనె ఒకే దారిన పోతుంది. ఎక్కడ కారినా నాలుగు బ్రేకులూ పోయినట్టే! ఇక ముందు వైపు కింగ్ పిన్నులు అరిగి, బుష్‌లు పొడి పొడిగా రాలుతున్నాయి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లటలటా ఊగింది.

"ఈ ఊగే చక్రానికి ఎంత మంచి బ్రేకు బిగిస్తే ఏం లాభం? బండి ఆగుతది గానీ పక్కకు గుంజుతది" అన్నాడు మేస్త్రి. నాకు తెలిసిన మొదటి పాఠం అదే. ముందు వైద్యం, తర్వాతే సోకులు.

డ్రమ్ములా, డిస్కులా?

1973 అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఆనాటి ఫియట్లకూ, వాటి తర్వాత వచ్చిన పద్మినీలకూ అంతే. డ్రమ్ము అంటే తిరిగే గుండ్రటి డబ్బా. దాని లోపల రెండు షూలు విచ్చుకుని గోడకు రాసుకుంటాయి. డిస్కు అంటే తిరిగే పళ్ళెం. దాన్ని రెండు వైపుల నుంచి ప్యాడ్లు నొక్కి పట్టుకుంటాయి.

మాటిమాటికీ బ్రేకు కొడితే రెండూ వేడెక్కుతాయి. కానీ వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది. పెడలు ఇంకా లోతుకు పోతుంది. డిస్కు బయట గాలికి తిరుగుతుంది కనుక తొందరగా చల్లబడుతుంది. వానలో తడిసినా నీళ్ళు విదిలించుకుంటుంది. 1953లో లీమాన్స్ 24 గంటల పందెంలో జాగ్వార్ కారు గెలిచాక డిస్కు బ్రేకుల పేరు మోగిపోయింది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్‌కు ముందు చక్రాలకు డిస్కులే పెట్టారు.

ఇంకో లెక్క కూడా గుర్తు పెట్టుకోవాలి. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. 40లో పోయేటప్పుడు సరిపోయిన బ్రేకు, హైదరాబాదు రోడ్డు మీద 80లో సరిపోకపోవచ్చు. బాపు కాలం రోడ్లు వేరు, ఇప్పటి రోడ్లు వేరు కదా!

అయితే డిస్కులే బిగించేస్తే పోలేదా? ఇక్కడే ఉంది తిరకాసు.

జత కుదరాలి... పెళ్ళిలాగే

డ్రమ్ము షూలకు ఒక గుణం ఉంది. తిరిగే డ్రమ్మే ముందు షూని మరింత గట్టిగా లోపలికి లాక్కుంటుంది. డిస్కుకు ఆ సాయం లేదు. మన కాలి బలమే దిక్కు. అందుకే డిస్కులు పెడితే సాధారణంగా ఇంజను వాక్యూమ్‌తో పనిచేసే బూస్టరు కూడా కావాలి. లేకపోతే పెడలు రాయిలా ఉంటుంది. నాలాంటి సన్నటి కాళ్ళ మనిషి దాన్ని తొక్కలేదు.

తర్వాత మాస్టర్ సిలిండరు. ఇంజక్షన్ సిరంజిలు చూశారుగా? సన్నటి సిరంజిని నొక్కితే ఒత్తిడి ఎక్కువ వస్తుంది, కానీ మందు కొంచెమే బయటికొస్తుంది. లావుదైతే మందు ఎక్కువ, ఒత్తిడి తక్కువ. ఇదీ అంతే. అంగుళం సిలిండరు బదులు ముప్పావు అంగుళానిది వేస్తే, అదే బలానికి సుమారు 1.8 రెట్ల ఒత్తిడి వస్తుంది. పెడలు కూడా దాదాపు అంత ఎక్కువ దూరం పోవాలి. డిస్కు కాలిపర్ల పిస్టన్లు పెద్దవి, వాటికి నూనె ఎక్కువ కావాలి. పాత సిలిండరు అలాగే ఉంచి కొత్త కాలిపర్లు పెడితే పెడలు నేలకు తగలొచ్చు. మళ్ళీ పోచమ్మమైదాన్ కథే!

ఇంకో చిన్న వస్తువు ఉంది. డ్రమ్ము బ్రేకుల పైపుల్లో కొద్దిగా ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. డిస్కులు పెట్టినప్పుడు దాన్ని తీయకపోతే ప్యాడ్లు పళ్ళేన్ని వదలవు. చక్రం కాలిపోతుంది.

అన్నింటికన్నా ముఖ్యమైంది ముందు వెనకల పొత్తు. బ్రేకు కొట్టగానే బండి బరువు ముందుకు వాలుతుంది. వెనక చక్రాలు తేలికవుతాయి. వెనక బ్రేకు ఎక్కువగా పట్టి ఆ చక్రాలు ముందే బిగుసుకుంటే బండి గిర్రున తిరుగుతుంది. ముందు మార్చిన ప్రతిసారీ వెనక లెక్క కూడా చూడాలి.

ఇంత పొత్తు కుదరాలంటే సులువైన దారి, అదే ఇంటి సంబంధం చూడడం! అంబాసిడర్లు 2014 దాకా తయారయ్యాయి. తర్వాతి మోడళ్ళలో ముందు డిస్కులు, బూస్టరు ఉన్నవి వచ్చాయి. హబ్బు, స్టబ్ యాక్సిల్, కాలిపర్, డిస్కు, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండరు, బూస్టరు... ఇవన్నీ ఒకే మోడల్ నుంచి సెట్టుగా తీసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. అప్పుడు కూడా బిగించే ముందు కొలతలు చూడాలి. కాలిపరు చక్రం లోపల తగలకుండా తిరుగుతోందా అన్నది చేత్తో తిప్పి చూడాల్సిందే.

ముందు కాళ్ళ సంగతి

అంబాసిడర్ ముందు వైపు స్ప్రింగులు కనిపించవు. పొడవాటి ఉక్కు కడ్డీలు ఉంటాయి, టోర్షన్ బార్లంటారు. తడి చీర పిండినట్టు గతుకులో మెలిపడి, మళ్ళీ యథాస్థానానికి వస్తాయి. పద్మినీకి చుట్టల స్ప్రింగులు. ఒకదాని సామాను ఇంకోదానికి పనికి రాదు. టోర్షన్ బార్లలో కూడా కుడిది కుడికే, ఎడమది ఎడమకే. కొన్నాళ్ళు వాడాక తారుమారు చేయకూడదు.

మరి తమ్ముడు చెప్పిన గట్టి షాకబ్జర్ల మాట? స్ప్రింగు బలాన్ని బట్టి షాకబ్జరు ఉండాలి. మెత్తటి స్ప్రింగుకు మరీ గట్టి షాకబ్జరు పెడితే చక్రం గతుకు దిగలేక ఎగురుతుంది. ఎగిరిన చక్రానికి బ్రేకు ఏం పట్టుకుంటుంది? ఎత్తు తగ్గిస్తే చూపుకు బాగుంటుందేమో గానీ, మా సందులో స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగలడం ఖాయం. చక్రాల వాలు మారి టైర్లు ఒకవైపే అరుగుతాయి.

కుర్ర మెకానిక్ చెప్పిన వ్యాను ముందు భాగం సంగతి అడిగితే, మేస్త్రి మగ్గం వైపు చూపించాడు. "పడుగు ఒక దిక్కు బిగువు, ఒక దిక్కు వదులుంటే జంపఖానా వంకర నేస్తది గదా? ఇదీ అంతే" అన్నాడు. స్టీరింగు కడ్డీ ఎత్తు, ముందు చక్రం ఊగే చేతుల ఎత్తు ఒకదానికొకటి సరిపోయేటట్టు కంపెనీవాళ్ళు లెక్క కట్టి పెడతారు. వేరే బండిది అతికిస్తే ఆ లెక్క తప్పుతుంది. గతుకు వచ్చినప్పుడల్లా మనం తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. పైగా అంబాసిడర్‌కు లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే బండి బలం. దాన్ని కోస్తే ప్రాణం కోసినట్టే.

అందుకని కొత్త కింగ్ పిన్నులు, కొత్త బుష్‌లు, బండికి సరిపడే షాకబ్జర్లు వేయించి, ముందు భాగాన్ని పుట్టినప్పటిలాగే ఉంచేశాం. నాలుగు టైర్లూ ఒకే రకం రేడియల్స్ వేయించాం. తర్వాతే బ్రేకుల సెట్టు, చివర్లో వీల్ అలైన్‌మెంట్.

కాగితాలు మరవద్దు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్.సి.లో రాసిన వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. అందుకే పని మొదలుపెట్టే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. ఇన్సూరెన్సు వాళ్ళకూ తెలియజేయండి. 15 ఏళ్ళు దాటిన సొంత కారుకు ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలన్నది తెలిసిందే.

50 ఏళ్ళు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ నిబంధనలు వచ్చాయి. కొత్త రిజిస్ట్రేషను ఫీజు 20,000 రూపాయలు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్పులు లేకుండా అసలు రూపంలోనే ఉండాలి. కానీ ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. నాకు అమ్మను గుడికి తీసుకుపోయే బండి కావాలి. అందుకే మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకున్నాను.

షెడ్డుకు వెళ్ళేముందు...

* మార్పుల కన్నా ముందు కింగ్ పిన్నులు, బుష్‌లు, వీల్ బేరింగులు చూపించండి.

* రబ్బరు సామాను, బ్రేకు గొట్టాలు, ప్యాడ్లు ఎప్పుడూ కొత్తవే కొనండి. సెకండ్‌హ్యాండ్ వద్దు.

* బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్ళకోసారి మార్పించండి. ఇంజన్ ఆయిలు చుక్క పడినా రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి.

* డబ్బంతా ఒకేసారి లేకపోతే ముందు రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండరు అమర్చడం కుదురుతుందేమో అడగండి. ఒక దారి పోయినా ఇంకో దారి కాపాడుతుంది.

* పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలితో ఊదనివ్వకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

* "ఏ మోడల్ సామాను? మాస్టర్ సిలిండరు సైజెంత? పాత వాల్వు తీశారా?" ఈ మూడు ప్రశ్నలూ అడగండి. బిల్లు మీద రాయించుకోండి.

* మొదటి పరీక్ష ఖాళీ మైదానంలో, తక్కువ వేగంలో చేయండి. ఆగినప్పుడు బండి ఏ పక్కకూ లాగకూడదు. తర్వాత చక్రాలు ముట్టుకోకుండానే, దగ్గరగా చెయ్యి పెట్టి ఏదైనా ఎక్కువ వేడిగా ఉందేమో చూడండి.

పని పూర్తయి బండి ఇంటికొచ్చింది. వారం రోజులు నేనొక్కదాన్నే తిప్పాను. ఎనిమిదో రోజు పొద్దున భద్రకాళి గుడికి బయల్దేరుతుంటే, ఎవరూ పిలవకుండానే అమ్మ వచ్చి వెనక తలుపు తీసింది. సీటు మీద బాపు నాటి జంపఖానా సర్దుకుని కూర్చుంది.

పోచమ్మమైదాన్ దగ్గర సిగ్నలు పడింది. బ్రేకు తొక్కాను. బండి నిదానంగా, గీత మీదే ఆగింది. అద్దంలో చూశాను. అమ్మ ముందు సీటును రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉంది.

పచ్చలైటు వచ్చేసరికి ఒక చెయ్యి వదిలింది. రెండోదానికి ఇంకొన్నాళ్ళు పడుతుందేమో!