ఆల్ప్స్ దాకా ఎందుకండీ? కొల్లేటి నుంచి పాపికొండలకి పదండి!

డ్యూయెట్ అనగానే మన నిర్మాతలకి స్విట్జర్లాండు గుర్తొస్తుంది. వెనకాల మంచుకొండ, పచ్చటి లోయ, చెక్క ఇళ్ళ చిన్న ఊరు, మెడలో గంటలు కట్టిన ఆవులు... ఆల్ప్స్ లోయల్లో కారేసుకుని తిరగాలన్న సరదా మన ప్రేక్షకులకి అంటించింది సినిమాయే. తప్పేం లేదు. కానీ పాస్‌పోర్టూ, వీసా అక్కర్లేకుండా పొద్దున్నే సరస్సు ఒడ్డున బయల్దేరి సాయంత్రానికి కొండల మధ్యకి చేరే దారి మనకీ ఉంది. మంచు మాత్రం అడక్కండి!

తాడేపల్లిగూడెంలో బండెక్కండి. హాస్యనటుడు రేలంగి వెంకట్రామయ్యగారు స్థిరపడి, సినిమా హాలు కట్టిన ఊరది. ఏలూరు అక్కడికి సుమారు 50 కిలోమీటర్లు. ఏలూరు నుంచి ముందు కైకలూరు రోడ్డు పట్టాలి. ఆ రోడ్డు కొల్లేటి మీదుగానే పోతుంది. కైకలూరు పక్కనున్న ఆటపాకలో గూడబాతుల కాలనీ ఉంది. చెట్లమీదా, స్టాండులమీదా సంసారాలు పెట్టి, పిల్లల్ని పెంచుకుంటూ అవి చేసే గోల వినితీరాలి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి గుడి కూడా ఈ నీళ్ళ మధ్యదే. తాటిదోనె, కొర్రమీను కూర... చెప్పేదేముంది!

అందం వెనకాల ఓ కథ కూడా ఉంది. చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు ముక్కలు చేశాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2006లో ప్రభుత్వం ‘ఆపరేషన్ కొల్లేరు’ అంటూ గట్లు కొట్టించింది. సరస్సు ఊపిరి పీల్చుకుందన్నవాళ్ళున్నారు, బతుకు తెరువు పోయిందన్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి మాటా అబద్ధం కాదు.

ఇక వెనక్కి తిరిగి ఏలూరు మీదుగా ఉత్తరానికి. ఊళ్ళో కనబడే తమ్మిలేరు ఎగువ మెట్ట నుంచి దిగివచ్చి కొల్లేట్లో కలుస్తుంది. మనం వెళ్ళేది దానికి ఎదురుగా అన్నమాట. వరిచేలు వెనకబడి జీడిమామిడి, పామాయిల్ తోటలు, పొగాకు బేరన్లు మొదలవుతాయి. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహలు చూడకుండా పోకండి. రెండువేల ఏళ్ళ పైబడిన బౌద్ధుల చైత్యం, రాతిని తొలిచినా కప్పు మాత్రం కర్ర వాసాలు వేసినట్టే ఉంటుంది. మన ఆర్టు డైరెక్టర్లు వెళ్ళి దణ్ణం పెట్టుకోవాలి!

జంగారెడ్డిగూడెం దాటి బుట్టాయిగూడెం వైపు తిరిగితే అడవి. రాళ్ళమీంచి నీళ్ళు జారే గుహలో గుబ్బల మంగమ్మ తల్లి. ఆపైన పోలవరం వైపు వస్తే ఎదురుగా గోదావరి, దాని రెండు పక్కలా పాపికొండలు. 2008లో జాతీయ పార్కు అయిన అడవి ఇది. బాపు-రమణల ‘అందాల రాముడు’ (1973) పడవ భద్రాచలం వెళ్ళిన దారీ, శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) లాంచీ నడిచిన దారీ ఇదే. ఆల్ప్స్‌లో ఇంతటి ఏరు చూపించమనండి చూద్దాం!

అయితే, దారిలో ఇంకో దృశ్యం తగులుతుంది. జీలుగుమిల్లి, బుట్టాయిగూడెం, జంగారెడ్డిగూడెం మండలాల్లో వరసగా ఒకే అచ్చులో పోసినట్టున్న సిమెంటు ఇళ్ళు. పోలవరం ప్రాజెక్టు కోసం ఊళ్ళు వదిలిన కొండరెడ్లు, కోయలకి కట్టిన కాలనీలవి. పైడిపాక, దేవరగొంది, మామిడిగొంది లాంటి ఊళ్ళు డ్యాము పనులకి ముందే ఖాళీ అయ్యాయి. రిజర్వాయరు పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ గీత కింద ఉన్న ఊరు ఊరుగా మిగలదు. 2022 జూలై వరదకి భద్రాచలం దగ్గర నీరు 71 అడుగులు దాటినప్పుడు కుక్కునూరు, వేలేరుపాడు మునిగిన తీరు అందరూ టీవీల్లో చూశారు.

చిత్రం చూడండి. కింద కొల్లేట్లో మనుషులు నీళ్ళ చోటు ఆక్రమించారు, పైన లోయలో నీళ్ళు మనుషుల చోటు తీసుకుంటున్నాయి. డెల్టా మాగాణికి, విశాఖ కుళాయిలకి నీరు కావాలి, నిజమే. ఆ నీటికోసం వెదురు తడికల ఇల్లు, జీలుగు చెట్టు, పోడు చేను వదిలి వచ్చినవాళ్ళకి రోడ్డు పక్క రెండు గదులిస్తే లెక్క సరిపోయినట్టేనా?

మన తెర మీద పాపికొండలు కనబడినంతగా ఆ కొండల మనిషి కనబడలేదు. హీరో హీరోయిన్ల వెనకాల ‘బ్యాక్‌గ్రౌండ్’గానే ఉండిపోయాడు. ఈసారి లొకేషన్ల వేటకి వచ్చే దర్శకులు కొండ దాకా వెళ్ళేముందు ఆ కాలనీలో ఓ గంట కూర్చుంటే బావుంటుంది. స్విట్జర్లాండులో దొరకని కథ అక్కడ దొరుకుతుంది.

పాఠకులకి ఓ మాట. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సీజను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన లాంచీ ప్రమాదం మర్చిపోవద్దు. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కకండి. ఊరివాళ్ళని అడక్కుండా ఫోటోలు తీయకండి. ఈ శీతాకాలమే వెళ్ళిరండి. వచ్చే ఏడు చూద్దామనుకుంటే, అప్పటికి ఏ ఊరు ఉంటుందో, ఏది ఉండదో!