చెక్క గట్టిదైతేనే బేస్ గట్టిది

చిన్న కారు కొన్నవాళ్లు సీటు కవర్లు వేయించాక చేయించే పని తరచుగా ఒకటే. డిక్కీ మీది పార్సిల్ ట్రేకి రెండు కన్నాలు కొట్టించి, ఆరు తొమ్మిది అంగుళాల ఓవల్ స్పీకర్లు బిగిస్తారు. కార్ డెకార్ షాపులో కాసేపట్లో తేలిపోయే పని. అంత సులువు కాబట్టే అంత ఆదరణ. ఆ చోటును శబ్దశాస్త్రమేమీ సిఫారసు చేయలేదు. కన్నం కొట్టడానికి చేతికి అందడమే దానికున్న ప్రధాన అర్హత.

అలాగని అది పనికిరాని చోటు కాదు. అక్కడ స్పీకర్ కంటే ముందు పట్టించుకోవలసింది దాన్ని బిగించే చెక్కను. స్పీకర్ కోన్ ముందుకు కదిలితే ఎదుటి గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ట్రెబుల్ అలలు పొట్టివి కనక వాటికి పెద్ద నష్టం లేదు. బేస్ సంగతి వేరు. 50 హెర్ట్జ్ దగ్గర ఒక్క అల పొడవే దాదాపు 7 మీటర్లు. అంత పొడవైన అలకు స్పీకర్ అంచు దాటి అటునుంచి ఇటు రావడం ఒక లెక్క కాదు. అందుకే ముందు వెనకలను విడదీసే గోడ ఒకటి కావాలి. ట్రే ఆ గోడ, కింద డిక్కీ దాని పెట్టె.

కారుతో వచ్చే ట్రే ఈ ఉద్యోగానికి పుట్టింది కాదు. సామాను బయటికి కనబడకుండా కప్పడం వరకే దాని బాధ్యత. ఒత్తి తీసిన పలుచని అట్ట, రెండు మేకుల మీద ఆనిక, డిక్కీ తలుపుకు రెండు తాళ్లు. దానిమీద బరువైన స్పీకర్ పెడితే కోన్ ఒకవైపు కదులుతుంటే ట్రే ఇంకోవైపు ఊగుతుంది. డబ్బు పోసి కొన్న బేస్‌లో కొంత ఆ అట్టను ఊపడానికే ఖర్చవుతుంది. మిగిలిన దానికి నంబర్ ప్లేటు తాళం వేస్తుంది.

కాబట్టి కొత్త పలక చేయించాలి. ముందు అట్టపెట్టె ముక్కతో కొలత తీసి, కారులో పెట్టి, అంచులు సరిచూసుకున్నాకే చెక్క కోయాలి. పైన కార్పెట్ గుడ్డ అంటించేటట్టయితే దాని మందానికి చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు వదలాలి. ఎండీఎఫ్ బరువుగా, ఒకే తీరుగా ఉంటుంది, నున్నగా తెగుతుంది. కానీ తడి తగిలితే ఉబ్బుతుంది. మన వానల్లో డిక్కీ రబ్బరు ఎప్పుడు కారుతుందో చెప్పలేం. ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ ఖరీదైనా నిశ్చింత. స్పీకర్ కన్నానికి డబ్బాలో వచ్చే కాగితపు అచ్చునే వాడాలి. ఆరు తొమ్మిది అంగుళాలనేది ఆ సైజుకు పేరు మాత్రమే, కోయవలసిన కొలత కాదు. రెండు కన్నాల మధ్య అడుగున ఒక అడ్డపట్టీ బిగిస్తే పలక వంగదు. చుట్టూ ఫోమ్ టేపు అంటిస్తే సందుల్లోంచి గాలి పోదు, కిర్రు కిర్రు కూడా తగ్గుతుంది. వెనక అద్దంలోంచి పడే ఎండనూ లెక్కలోకి తీసుకోవాలి. విజయవాడ మే నెలకు ఫోమ్ అంచు స్పీకర్లు పొడిపొడిగా రాలే ప్రమాదముంది, రబ్బరు అంచువి ఎక్కువ కాలం నిలుస్తాయి.

ఇంత గట్టి పలకతో ఒక ప్రమాదం కూడా వస్తుంది. స్పీకర్లతో కలిపి అది సులువుగా 8, 9 కిలోలు తూగుతుంది. కారు దేన్నైనా గుద్దుకున్నప్పుడు వేగం గురుత్వానికి ముప్పై రెట్ల తీవ్రతతో పడిపోయిందనుకుందాం. ఆ క్షణంలో 9 కిలోల పలక తోపు 270 కిలోల బరువుతో సమానం. దాని దారిలో ఉండేవి వెనక సీటులోని తలలు. అందుకే పాత తాళ్లు తీసేసి, ఇరుపక్కలా ఇనుప బ్రాకెట్లు పెట్టి బోల్టులతో బిగించాలి. డిక్కీ తెరిస్తే ట్రే ఇక లేవదు. పెద్ద సామాను పెట్టాలంటే బోల్టులు విప్పుకోవాలి. ఊరెళ్లేటప్పుడు బియ్యం బస్తా వేసుకొచ్చేవాళ్లు ఈ సంగతి ముందే ఇంట్లో చెప్పడం మేలు.

ఇక వాట్ల పురాణం. చాలా స్టీరియోల మీద 50 వాట్లు, నాలుగు ఛానళ్లు అని రాసి ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో వోల్టేజి సుమారు 14.4 వోల్టులు. 4 ఓమ్‌ల స్పీకర్‌కు దాంతో స్వచ్ఛమైన శబ్దంగా అందగలిగేది, ఏ నష్టమూ లేదనుకున్నా, 26 వాట్లు. మరి 50 ఎక్కడిది? 14.4ను 14.4తో గుణించి 4తో భాగించండి, 52 వస్తుంది. అంటే అల పైనా కిందా నరికేసినట్టయి, పాట పూర్తిగా గీపెట్టే స్థితిలో వచ్చే అంకె. అబద్ధం కాదు, కాకపోతే ఆ స్థాయిలో వినడానికి పాట మిగలదు. కొనేటప్పుడు చూడవలసింది నిలకడగా అందే శక్తిని చెప్పే ఆర్ఎంఎస్ అంకె, దానితోపాటు స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి అది ఎంత బిగ్గరగా మోగుతుందన్నది. 88 డెసిబెల్‌ల దానికి బదులు 91 డెసిబెల్‌లది తీసుకుంటే, యాంప్లిఫయర్ (ఆంప్) శక్తిని రెట్టింపు చేసిన ఫలితం ఊరికే దొరుకుతుంది.

విడిగా ఆంప్ పెడితే బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగాలి. ఆ వైరుకు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్లలోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కాపాడేది ఆంప్‌ను కాదు, వైరును. ఎక్కడైనా రేకుకు ఒరుసుకుని షార్టయితే కాలేది అదే. ఎర్త్ వైరు పొట్టిగా, రంగు గీకిన రేకుకు బిగించాలి. పాట సిగ్నల్ వైర్లు ఒకవైపు, కరెంటు వైరు ఇంకోవైపు పోవాలి. ఈ రెంటిలో ఏది తప్పినా, యాక్సిలరేటర్ నొక్కినకొద్దీ ఆల్టర్నేటర్ కూడా పాటలో గొంతు కలపవచ్చు. రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్ మైనస్ తారుమారైతే బేస్ మాయమవుతుంది. దీన్ని కనిపెట్టడానికి 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ చాలు. ప్లస్‌కు ప్లస్ తాకిస్తే కోన్ బయటికి రావాలి.

అన్నిటికంటే చిక్కు చెవితో. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి కొన్ని మిల్లీసెకన్ల తేడాతో వస్తే, ముందు చేరిన దిక్కునే మెదడు నమ్ముతుంది. రెండోది మరీ బిగ్గరగా ఉంటే మాత్రం ఆ నమ్మకం చెదురుతుంది. ముందు తలుపుల్లో కంపెనీ ఇచ్చిన బక్క స్పీకర్లను అలాగే ఉంచి వెనక ఓవల్ స్పీకర్లను హోరెత్తిస్తే జరిగేది ఇదే. గాయకుడు డిక్కీలో కూర్చుని పాడతాడు. కాబట్టి డబ్బు పెట్టే వరుస మారాలి. మొదట ముందు తలుపుల స్పీకర్లు, ఆ తలుపు రేకుల అదురును అణిచే డ్యాంపింగ్ షీట్లు, తర్వాత ఆంప్, ఆఖరున వెనక పలక.

చివరి పరీక్ష, శబ్దాన్ని ముందు వెనక స్పీకర్ల మధ్య పంచే ఫేడర్‌తో. దాన్ని పూర్తిగా ముందుకు తిప్పితే పాట కొంచెం పలచబడాలి, మళ్లీ మధ్యకు తెస్తే నిండాలి. గొంతు మాత్రం డాష్‌బోర్డు మీంచి కదలకూడదు. అంటే అన్నీ సరిగ్గా కుదిరితే వెనక స్పీకర్లు ఉన్నట్టే ఎవరికీ తెలియదు. అంత ఖర్చుపెట్టి ఎవరికీ తెలియకపోవడం ఏమిటని బాధపడేవాళ్ల కోసమే కంపెనీలు గ్రిల్ మీద పేరు అంత పెద్దగా వేస్తాయి.